నేలమాళిగలో భూభ్రమణం

బి.ఎస్సీ.లో చేరిన ప్రతివాడూ లఘులోలకంతో కుస్తీ పట్టినవాడే. దారానికి గుండు కట్టి, ఇరవై డోలనాలు లెక్కపెట్టి, ‘జి’ విలువ 980కి దగ్గరగా వస్తే రికార్డు మీద సంతకం పెట్టించుకుని బయటపడతాం. ఆ గుండు ఏ దిక్కుకి వూగుతోందో మనకెవరికీ పట్టదు. ఆ దిక్కునే పట్టుకుని కూర్చున్న మహానుభావుడు లియాన్ ఫూకో.

1819 సెప్టెంబరు 18న పారిస్ నగరంలో పుట్టాడు. తండ్రి పుస్తక ప్రచురణకర్త, కొడుకు చిన్నతనంలోనే పోయాడు. కుర్రవాడిది అర్భకపు ఒళ్ళు, చదువూ అంతంతమాత్రమే. చేతిపని మాత్రం అమోఘం. పదమూడు, పద్నాలుగేళ్ళకే చిన్న ఆవిరి యంత్రం చేశాడట. ఇంత చెయ్యి తిరిగినవాడు మంచి సర్జను అవుతాడని తల్లి ఆశపడి వైద్యంలో చేర్పించింది. తీరాచూస్తే అతనికి రక్తం చూస్తే పడదు. (మా యింట్లో కూడా నన్ను డాక్టరుని చెయ్యాలనే అనుకున్నారు. అది వేరే కథ.)

వైద్యం వదిలేసి సూక్ష్మదర్శిని పాఠాలు చెప్పే ఒక ప్రొఫెసరు దగ్గర సహాయకుడిగా కుదిరాడు. 1845 నుంచి ఒక దినపత్రికకి సైన్సు విశేషాలు రాసేవాడు. ఆ యేడే మిత్రుడు ఫిజోతో కలిసి సూర్యుడికి ఫోటో తీశాడు. 1850లో కాంతి గాలిలో కంటే నీటిలో మెల్లగా పోతుందని తేల్చాడు. ఇవన్నీ ఒక యెత్తు, లోలకం ఒక్కటీ ఒక యెత్తు.

లేతు మీద బిగించిన సన్నటి లోహపు కడ్డీని ఒకనాడు మీటి చూశాడు. లేతు తిరుగుతున్నా కడ్డీ మాత్రం మొదట కదిలిన దిక్కునే కంపిస్తోంది. మరి గుండు వేలాడే కప్పు భూమితోబాటు తిరిగితే? తల్లితో కాపరమున్న యింటి నేలమాళిగలో రెండు మీటర్ల తీగకి 5 కిలోల ఇత్తడి గుండు వేలాడదీశాడు. 1851 జనవరి 3న తీగ పుటుక్కున తెగింది. మళ్ళీ కట్టాడు. గుండుని పక్కకి లాగి దారంతో కట్టి, ఆ దారాన్ని మంటతో కాల్చి తెంపేవాడు. మనలాగ వేళ్ళతో వదిలితే పక్కకి తోపు తగిలి, గుండు కోడిగుడ్డు ఆకారంలో చుట్టుతుంది. జనవరి 8 తెల్లవారుజామున రెండు గంటలకి డోలన తలం మెల్లగా పక్కకి జరగడం కంటితో చూశాడు.

గణితంలో దిగ్గజమైన పాయిజాన్ అంతకుముందే యీ ప్రభావం లెక్కలోకి రానంత స్వల్పమని తేల్చేసి వున్నాడు. ఒక్కొక్క వూపులో స్వల్పమే, కాని గంటల తరబడి వూగితే పోగుపడుతుంది. ఈ సంగతి పట్టింది పెద్ద డిగ్రీలు లేని యీ ముప్ఫయ్యొక్కేళ్ళవాడికి. నాకు ఆయన మీద యింత అభిమానం అందుకే.

మార్చిలో పాంథియాన్ భవనంలో 67 మీటర్ల తీగకి 28 కిలోల గుండు కట్టి వూపితే జనం విరగబడి చూశారు. మన సూత్రంలోనే వేసి చూడండి, ఒక్క డోలనానికి 16 సెకన్ల పైచిలుకు వస్తుంది. తలం పూర్తిగా ఒక చుట్టు తిరగటానికి ధ్రువం దగ్గర ఒక రోజు పడుతుంది, పారిస్‌లో దాదాపు 32 గంటలు. భూమధ్యరేఖ మీద అసలు తిరగనే తిరగదు. 24 గంటల్ని అక్షాంశపు సైన్‌తో భాగిస్తే సరి.

1852లో గైరోస్కోపు తయారుచేశాడు. 1855లో రాయల్ సొసైటీ కోప్లీ పతకం యిచ్చింది. 1862లో తిరిగే అద్దంతో కాంతివేగం సెకనుకి 2,98,000 కిలోమీటర్లని కొలిచాడు. ఇంత చేసినా స్వదేశపు అకాడమీ ఆయన్ని సభ్యుడిగా తీసుకున్నది 1865లో! అప్పటికి మూడేళ్ళ ఆయుష్షే మిగిలింది. పక్షవాతం వచ్చి 1868 ఫిబ్రవరి 11న, 48 ఏళ్ళకే కన్నుమూశాడు.

హైదరాబాదు అక్షాంశానికి లెక్కగట్టాను. చుట్టుకి 80 గంటలు, అంటే గంటకి నాలుగున్నర డిగ్రీలు. మన సైన్సు బ్లాకు మెట్ల మధ్య ఖాళీలో పది మీటర్ల తీగ సులువుగా దిగుతుంది. ధాన్యం తూచే పాత యిరవై కిలోల గుండు మా యింట్లో వుంది, లేతు మీద గుండ్రంగా తీయించాలంతే. తీగ ఖర్చు యూనియన్ పెట్టుకుంటుందా?