బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు: అనాథల ఇంటి పెద్ద

ఈ సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని మన పిల్లలకు పరిచయం చేయాలని మేము తలచాము. మాది మూడు తరాల బడిపంతుళ్ళ కుటుంబం. తాతగారు ఊరు విడిచి పరదేశం వచ్చి పిల్లలకు పాఠాలు చెప్పారు, నాన్నగారూ అదే చేశారు, మేమూ అదే చేశాము. మాకు తెలుగు ఇంట్లో కంటే సాయంకాలపు తరగతుల్లోనే ఎక్కువగా అబ్బింది. మా భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి. ఎంచుకున్న మనిషి విషయంలో మాత్రం తప్పు చేయలేదని మా నమ్మకం.

రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యంలో సుబేదారు. తండ్రి కొలువు వల్ల బాల్యం ఇతర ప్రాంతాల్లో గడిచింది, కొంత చదువు హైదరాబాదులో సాగింది. తరువాత మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరి, విలియం మిల్లరు దొరగారి శిష్యులై, ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పట్టం పొందారు. రాజా రామమోహనరాయలు 1828లో కలకత్తాలో ప్రారంభించిన బ్రహ్మసమాజం ఆయన మనసును ఆకట్టుకుంది. దేవుడు ఒక్కడే అయితే మనుషుల్లో ఎక్కువ తక్కువలు ఎక్కడివన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వదలలేదు.

చిన్న వయసులోనే భార్య మరణించారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. తెల్లని బట్టలు కట్టి నిరాడంబరంగా జీవించారు. మచిలీపట్నం నోబుల్ కళాశాలలోనూ, సికిందరాబాదు మహబూబ్ కళాశాలలోనూ పాఠాలు చెప్పారు. ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆయన శిష్యులు.

20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో కాకినాడలోని పిఠాపురం రాజావారి కళాశాలకు ఆయన ప్రిన్సిపాలుగా వచ్చారు. సుమారు పదిహేనేళ్ళు ఆ బాధ్యత వహించారు. ఆడపిల్లలను మగపిల్లలతోపాటు కళాశాలలో చదివించడానికి పెద్దలు జంకే రోజుల్లో వారికి తలుపులు తెరిచారు. పెళ్ళిళ్ళలో భోగం మేళాలు పెట్టించే ఆచారాన్నీ, మద్యపానాన్నీ గట్టిగా వ్యతిరేకించారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ కళాశాలలో ఆయన ప్రభావంలో పెరిగినవారే. జీతంలో ఎక్కువ భాగం పేద విద్యార్థుల ఫీజులకూ, పుస్తకాలకూ, భోజనాలకూ పోయేది.

కాకినాడలో ఆయన ప్రోత్సాహంతోనే అనాథ శరణాలయం వెలిసింది. అంటరానివారని ఊరు దూరం పెట్టిన కుటుంబాల పిల్లలకు వసతిగృహమూ వచ్చింది. పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూరుగారు వీటికి ధనసహాయం చేశారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఈ మహారాజుగారి పేరు మీదే వచ్చిందని పిల్లలు గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో కులాన్ని పక్కన పెట్టి పిల్లలకు నీడ చూపడం చిన్న సంగతి కాదు. ఒకే బావి నీళ్ళు తాగడం, ఒకే పంక్తిలో కూర్చోవడం కూడా ఊళ్ళో తగవులకు దారితీసేవి.

ఆయనకు 1924లో సర్ బిరుదు, 1927లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గౌరవ డాక్టరేటు లభించాయి. 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఇన్ని గౌరవాలు వచ్చినా కాకినాడతో బంధం తెంచుకోలేదు. 1939 మే 26న కన్నుమూశారు. జనం ఆయనను బ్రహ్మర్షి అని పిలుచుకున్నారు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఇక్కడి పిస్కాటవేలో మేము కొందరం కలిసి, కోస్తా జిల్లాల్లోని ఒక పిల్లల ఆశ్రమానికి చందాలు పోగుచేశాము. భోజనాల టికెట్లు అమ్మాము. ఆడవాళ్ళు రాత్రంతా కూర్చుని పులిహోర, బొబ్బట్లు చేశారు. ఆ డబ్బు మంచాలకు, దోమతెరలకు, నీళ్ళ ట్యాంకుకు సరిపోయింది. తరువాత మేము అక్కడికి వెళ్ళినప్పుడు, దాతలకు చూపడానికి ఫొటో కావాలని అడిగాము. పిల్లలను మా సంఘం పేరు రాసిన అట్ట పట్టించి ఎండలో నిలబెట్టారు. ఫొటో ఆలస్యమైంది. చివరి వరుసలో ఉన్న చిన్న పిల్లవాడు ఇక కూర్చోవచ్చా అని మెల్లగా అడిగాడు. మేము తెచ్చిన లెక్కల కాగితంలో మంచాలున్నాయి, తెరలున్నాయి, ఆ ఎండ మాత్రం లేదు. ముప్పై ఏళ్ళు బడిలో పనిచేసి కూడా ఆ మాట మాకు ముందుగా తోచలేదు.

ఇంటికి వచ్చాక నాయుడుగారి జీవితాన్ని మళ్ళీ తిరగేశాము. ఆయనా ఇతరుల ధనం తెచ్చారు. రాజు దగ్గర చేయి చాచారు. కాని అంతకు ముందే తన జీతాన్ని ఇచ్చివేసిన చేయి అది. పిల్లలున్న ఊళ్ళోనే ఆయనా ఉన్నారు. మనం సముద్రాలకు అవతల, రారిటన్ నది ఒడ్డున ఉన్నాము. ఆయనలాగా దగ్గర ఉండలేము కనుక మనకు జాగ్రత్త మరింత కావాలి.

అందుకని మన కార్యకర్తలకు మూడు మనవులు. మొదటిది, ఏం కావాలో మనం నిర్ణయించకుండా ఆ ఇంటివారినే అడగాలి. గోడకు పేరు రాయించుకునే గదికి దాతలు సులభంగా దొరుకుతారు. వంటమనిషి జీతానికి, మరుగుదొడ్డి మరమ్మతుకు, కరెంటు బిల్లుకు దొరకరు. రెండవది, ఒక పండుగకు ఒకసారి పెద్ద మొత్తం ఇచ్చి మరచిపోవడం కంటే ఏటా కొంచెం తప్పక పంపడం మేలు. బియ్యం ప్రతి నెలా అయిపోతాయి. మూడవది, లెక్కలు అడగాలి, రసీదులు చూడాలి. పిల్లల ముఖాలను మాత్రం రసీదులుగా వాడుకోకూడదు.

ఇది చదివే తల్లిదండ్రులకు ఒక మాట. ఏటా అక్టోబరు 1న నాయుడుగారి జయంతి వస్తుంది. ఆ రోజు ఇంట్లో పిల్లలకు ఆయన కథ చెప్పండి. చివర్లో వాళ్ళ డబ్బాలోంచి ఒక డాలరు తీసి పక్కన పెట్టమనండి. ఎవరికి ఇస్తున్నారో, ఎందుకు ఇస్తున్నారో వాళ్ళ చేతే తెలుగులో చెప్పించండి. తప్పులు పోతే పోనివ్వండి, మేమూ అలాగే నేర్చుకున్నాము.

ఈసారి మన ఉత్సవంలో పోగయ్యే నిధికి ఫొటో ఉండదు. లెక్కలు మాత్రం పైసాతో సహా గుమ్మం దగ్గర బల్ల మీద ఉంటాయి. అందరూ వచ్చి చూడవలసిందిగా సవినయంగా కోరుతున్నాము.