మఖ్దూం మొహియుద్దీన్: అధ్యాపకుడు, నాయకుడు

నాయకత్వం నేర్పదగిన విద్యయా, లేక పుట్టుకతో వచ్చే గుణమా అన్న ప్రశ్న విద్యార్థులకు క్రొత్తది కాదు. విజయం పొందిన నాయకుడు ఆ విద్యను ఇతరులకు అందించగలడా? ఒకనాడు మన హుజూర్‌నగర్‌కే శాసనసభ్యులైన మఖ్దూం మొహియుద్దీన్ జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలించటం ఉచితం.

ఆయన 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా ఆందోలులో జన్మించారు. బాల్యంలోనే తండ్రి గతించగా పినతండ్రి పోషణలో పెరిగారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ముగించి 1939లో హైదరాబాదు సిటీ కళాశాలలో అధ్యాపకులయ్యారు. కొద్ది సంవత్సరాలకే ఆ ఉద్యోగాన్ని వదలి కార్మికుల మధ్యకు వెళ్ళారు. ఎం.ఏ. చదివి కళాశాల కొలువు వదలుకోవటమంటే ఆ రోజులలో సామాన్యమైన విషయం కాదు.

తరగతిని విడిచారే గాని ఆయన బోధనను విడువలేదు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. కార్మిక సంఘమంటే నినాదాలు మాత్రమే కాదు. చందా వసూలు చేయటం, లెక్క తప్పకుండా వ్రాయటం, యజమాని ఎదుట కూర్చొని తడబడకుండా మాట్లాడటం కూడా అందులోని పనులే. ఇవి నేర్పితే వచ్చేవి. వైద్యవిద్య చదివిన రాజ్ బహదూర్ గౌర్ వంటివారు ఈ పనిలో ఆయనకు సహచరులై, తామూ నాయకులుగా ఎదిగారు. కాని 1944లో 'సుర్ఖ్ సవేరా' వెలువరించిన ఆ కవి హృదయాన్ని, సభలను కట్టిపడవేసిన ఆ కంఠాన్ని ఆయన మాత్రం ఎవరికి నేర్పగలరు?

1952 సాధారణ ఎన్నికలలో, తన కవిత్వాన్ని ఎరిగిన హైదరాబాదు నగరంలోనే మఖ్దూం ఓడిపోయారు. అదే సంవత్సరం ఉపఎన్నికలో తెలుగు రైతులు అధికంగా గల హుజూర్‌నగర్ ఆయనను గెలిపించింది. దీనిని కేవలం ఆయన ప్రతిభగా భావించలేము. చేరువలోని చిలుకూరులో 1941లోనే రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. తరువాతి దశాబ్దంలో ఇక్కడి పల్లెలు తమ సంఘాలను, తమ నాయకులను తామే తయారుచేసుకొన్నాయి. అప్పటికే పాఠం నేర్చిన తరగతిలోకి మఖ్దూం అడుగుపెట్టారని నా అభిప్రాయం.

తదుపరి ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో ప్రతిపక్ష నాయకులుగా పనిచేశారు. 'బిసాతె రక్స్' సంపుటికి 1969లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ సంవత్సరమే ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. హైదరాబాదు హిమాయత్‌నగర్‌లోని కమ్యూనిస్టు పార్టీ కార్యాలయం మఖ్దూం భవన్ అనే పేరుతోనే పిలువబడుతున్నది.