నిలిచిన బొమ్మల్ని నడిపించిన విన్సెంట్

కోయంబత్తూరులో వెరైటీ హాల్ రోడ్డు తెలియని వాళ్లు మనలో తక్కువే. ఆ వెరైటీ హాల్ అనేది ఒక సినిమా కొట్టకం అని మాత్రం చాలామందికి తెలీదు. దాన్ని కట్టించినాయన సామికన్ను విన్సెంట్.

1883లో పుట్టారు. తిరుచిరాపల్లిలో సౌత్ ఇండియన్ రైల్వేలో డ్రాఫ్ట్స్‌మన్ పని. పొద్దస్తమానం కాగితం మీద గీతలు గీయడమే. జీతం నెలకు పాతిక రూపాయలని చెప్తారు. 1905లో డ్యూపాంట్ అనే ఫ్రెంచి ఆయన సినిమా చూపించుకుంటూ తిరుచ్చికి వచ్చి, ఒంట్లో బాగాలేక ఊరికి వెళ్లిపోవాలనుకున్నారు. ప్రొజెక్టరు, ఫిలిం చుట్టలు అమ్మకానికి పెట్టారు. ఏసుక్రీస్తు జీవితం మీద తీసిన మూగచిత్రం కూడా వాటిలో ఉంది. విన్సెంట్ రెండు వేలకు పైగా పోసి అవన్నీ కొనేశారు. రెండు వేలంటే ఆ జీతానికి 80 నెలల సంపాదన! అప్పటికి ఆయన వయసు 22. ఇంట్లో ఏమన్నారో మరి.

అంత డబ్బు దేని మీద పెట్టినట్టు? మన కన్ను చేసే ఒక పొరపాటు మీద. తోలుబొమ్మలాటలో బొమ్మ నిజంగానే కదులుతుంది, నీడ కూడా కదులుతుంది. సినిమాలో తెర మీద కదిలే బొమ్మ ఒక్కటీ లేదు. ఫిలిం మీద ఉన్నవన్నీ నిలిచిన ఫోటోలే. ఒక ఫోటో వెలుగు ముందు క్షణం ఆగుతుంది. తర్వాతది దాని చోటికి జరిగేటప్పుడు షట్టర్ అడ్డం వచ్చి తెర చీకటవుతుంది. ఆ చీకటి మనకు తెలియదు. మూగచిత్రాల రోజుల్లో సెకనుకు సుమారు 16 బొమ్మలు, చేత్తో పిడి తిప్పాలి. మెల్లగా తిప్పితే తెర మినుకుమినుకుమంటుంది, జోరుగా తిప్పితే నడిచే మనిషి పరుగెత్తుతాడు. చెయ్యి నిదానంగా ఉండాలన్నమాట. ముందు బొమ్మ కంట్లో కాసేపు నిలిచిపోవడమే దీనికి కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. అదొక్కటే కాదు, ఇక్కడొకటి అక్కడొకటి వెలిగిన రెండు గీతల్ని మెదడు ఒకే కదలికగా కలిపేస్తుందని 1912లో జర్మనీలో మాక్స్ వెర్థైమర్ చూపించారు. విన్సెంట్ అప్పటికి ఏడేళ్లుగా దాని మీదే బతుకుతున్నారు.

ఉద్యోగం మానేసి, గుడారం వేసుకుంటూ ఊరూరా తిరిగారు. ఉత్తరాన పెషావర్ దాకా వెళ్లారు. బొమ్మకు మాట లేదు కాబట్టి భాష అడ్డు రాలేదు. మన కోయంబత్తూరునే చూడండి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, దేవాంగుల్లో కొందరి ఇళ్లలో కన్నడం. అందరూ ఒకే తెర ముందు కూర్చోవచ్చు.

1914లో వెరైటీ హాల్ కట్టారు. మన మచిలీపట్నం మనిషి రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ కట్టిందీ ఆ రోజుల్లోనే. పైకారా కరెంటు ఇంకా రాలేదు కాబట్టి విన్సెంట్ ఇంజన్ పెట్టి సొంతంగా కరెంటు తీసుకున్నారు. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చింది ఇదే: లేనిదాని కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు.

తర్వాత టాకీ వచ్చింది. 1933లో కలకత్తా పయనీర్ వాళ్లతో కలిసి తమిళంలో వల్లి తిరుమణం తీయించారు, బాగా ఆడింది. కానీ బొమ్మకు మాట వచ్చాక ఏ భాష అనే ప్రశ్న కూడా వచ్చింది. పిడి తిప్పే చేతికీ పని పోయింది. వేగం కాస్త మారినా గొంతు మారిపోతుంది కదా, అందుకని సెకనుకు 24 బొమ్మలని లెక్క కట్టేసి మోటారుకు అప్పగించారు.

విన్సెంట్ 1942లో కన్నుమూశారు. వెరైటీ హాల్ తర్వాత డిలైట్ థియేటర్ అయింది. రోడ్డుకు మాత్రం పాత పేరే.