రిచర్డు కాబ్డెను

ఇంగ్లండు పార్లమెంటునందు మహావక్తలకు కొదువ లేదు. అలంకారములను విడిచి, అంగడి లెక్కలతోనే సభను కదలించినవాడు రిచర్డు కాబ్డెను.

ఈతడు 1804వ సంవత్సరము జూను 3వ తేదీని ససెక్సు సీమలో రైతు యింట జన్మించెను. తండ్రి వ్యవసాయమున నష్టపడి భూమిని విక్రయింపగా, బాలుని యార్కుషైరులోని యొక పాఠశాలకు పంపిరి. అచ్చట తిండికిని ఆదరణకును మొగము వాచి ఐదేండ్లు గడపెను. పెద్దవాడైన పిమ్మటను ఆ దినముల మాట యెత్తుట కిష్టపడలేదు. లండనులో బంధువుని గిడ్డంగియందు గుమాస్తాయై, పిదప వర్తకుల పక్షమున ఊరూర తిరిగి, 1828లో మిత్రులిద్దరితో గలసి స్వంత వ్యాపారము నారంభించెను. అద్దకపు బట్టలవలన ధనము చేకూరెను. చదువు మాత్రము చాలవరకు తనకు తానే నేర్చినది.

అతడు స్థిరపడిన మాంచెస్టరు పట్టణమున జనసంఖ్య లక్షకు మించియుండెను. మేయరు గాని పురపాలక సంఘము గాని లేదు. పూర్వకాలపు పల్లెకువలె జమీందారుని న్యాయసభ యేటేట నియమించు పెద్దలే దిక్కు. 1835 నాటి చట్టము ప్రకారము పట్టణ ప్రజలు కోరినచో పురపాలక సంఘము నొసగవచ్చును. 1837లో కాబ్డెను ఈ విషయమై చిన్న పుస్తకము వ్రాసి పంచిపెట్టి, సభలలో ప్రసంగించెను. సంప్రదాయవాదులును, తీవ్రవాదులును ఏకమై యెదిర్చిరి. 1838లో రాజశాసనము లభించెను. కాబ్డెను సంఘమున ఆల్డర్మనుగా నెన్నుకొనబడెను. చరిత్రకారులు తరచు దీనిని రెండు వాక్యములలో దాటిపోవుదురు గాని, అతని వాక్కునకు ఇదియే తొలి బడి యని మా యభిప్రాయము.

విదేశపు గోధుమలపై 1815 మొదలు గట్టి నిర్బంధము లుండెను. దానివలన భూస్వాములకు లాభము, బీదలకు రొట్టె ప్రియము. 1841లో స్టాక్‌పోర్టు ప్రతినిధియై సభ ప్రవేశించిన కాబ్డెను తొలి ప్రసంగముననే లెక్క విప్పెను: కూలివాని ఆదాయములో నూటికి 20 పాళ్లు రొట్టె పన్నునకు పోవుచుండగా, ప్రభువు ఆదాయములో నూరు పౌండ్లకు అరపెన్నీ మాత్రమే పోవుచున్నది. 1845 మార్చి 13న అతడు రైతు కష్టములనుగూర్చి ప్రసంగించుచుండగా, ప్రధానమంత్రి పీలు ప్రత్యుత్తరమునకై వ్రాసికొనిన కాగితమును నలిపివేసి, ప్రక్కనున్న మంత్రినే బదులు చెప్పుమనెనని ప్రసిద్ధి. ఆ యేడే ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుచే నశించెను. 1846లో పీలు తన పక్షము చీలినను చట్టములను రద్దు గావించి, ఆ కీర్తి కాబ్డెనుదేయని సభలో నొప్పుకొనెను.

ఈ యేండ్లలో కాబ్డెను స్వంత వర్తకము దివాలా స్థితికి వచ్చినది. జనులు చందాలు వేసి ఆదుకొనిరి. వయోజనుల పనివేళలను చట్టముచే తగ్గించుట కతడు సమ్మతింపలేదు. ఇందు అతని లెక్క తప్పినదనియే చెప్పవలెను. క్రిమియా యుద్ధమును వ్యతిరేకించి ప్రజాదరణము కోల్పోయి, 1857లో ఎన్నికలలో నోడెను. 1859లో మంత్రిపదవి వచ్చినను వలదనెను. 1860లో ఫ్రాన్సుతో వర్తకపు ఒడంబడికను జీతము లేకయే కుదిర్చి, అందులకై యిచ్చిన బిరుదమును నిరాకరించెను.

1865 మార్చిలో, కెనడాలో కోటలు కట్టు ఖర్చును ఖండింపవలెనని, వ్యాధితో నుండియు చలిగాలిలో లండనునకు బయలుదేరెను. చేరినంతనే మంచము పట్టెను. ఏప్రిలు 2న మరణించెను. ఆ ప్రసంగము జరుగనే లేదు.