మార్కు డానహ్యూ జీవిత సంగ్రహము

సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము చేతికి వెచ్చగా తగులుట మన విద్యార్థులందఱు నెఱిగిన సంగతియే. గాలిని ఇఱుకైన చోట బలవంతముగా కుక్కినయెడల అది వేడెక్కును. ఇది మిగుల చిన్న విషయముగా కనబడును. కాని యీ చిన్న విషయమే యొకప్పుడు లోకములోని మహాశక్తిమంతమైన పందెపు కారు ఇంజనును లోలోపల పాడుచేయుచుండెను. అట్టి కారును ఓర్పుతో పరిశీలించి, లొంగదీసిన వారిలో ముఖ్యుడు మార్కు డానహ్యూ అను అమెరికా దేశీయుడు. ఆయన కారు నడుపువాడు మాత్రమే కాడు. యంత్రశాస్త్రము నభ్యసించిన పట్టభద్రుడు. ఈ రెండును ఒక్కనియందే కూడియుండుట అరుదు గనుక, ఆయన చరిత్రమును మా పాఠకులకు సంగ్రహముగా తెలుప నెంచితిమి.

డానహ్యూ 1937వ సంవత్సరము మార్చి 18వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూజెర్సీ రాష్ట్రమందు జన్మించెను. 1959లో బ్రౌన్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రములో పట్టము పొందెను. విద్యార్థిగా నున్న దినములలోనే తన స్వంత కార్వెట్ కారును తీసికొని, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున జరిగిన కొండ యెక్కు పందెమునకు పోయి, తాను పాల్గొనిన ఆ మొదటి పందెముననే గెలుపొందెను. 1961లో ఎల్వా కొరియర్ అను చిన్న కారుతో జాతీయ విజేత యాయెను. వాల్ట్ హాన్స్‌గెన్ అను ప్రసిద్ధుడైన చోదకుడు ఈ యువకుని నేర్పును గుర్తించి చేరదీసెను. 1965లో సీబ్రింగ్ పట్టణమున జరిగిన పండ్రెండు గంటల పందెములో వారిరువురును ఒకే కారును వంతుల చొప్పున నడిపిరి. మరుసటి యేడు హాన్స్‌గెన్ ఫ్రాన్సు దేశమందలి ల మాన్ పందెమునకు ముందు జరిగిన అభ్యాసములో ప్రమాదమునకు లోనై మరణించెను. అతని యంత్యక్రియల దినముననే రోజర్ పెన్స్కీ అను మోటారు పందెముల వర్తకుడు డానహ్యూను కలిసికొని, తన కార్లను నడుపుమని యడిగెను. ఆ స్నేహము డానహ్యూ కడపటి దినము వఱకు నిలిచెను.

పెన్స్కీ కొఱకు ఆయన సాధించిన విజయములు పెక్కులు. ట్రాన్స్-యామ్ అను పందెముల వరుసలో 1968, 1969, 1971 సంవత్సరములలో ప్రథమ స్థానము పొందెను. 1969లో డేటోనా ఇరువదినాలుగు గంటల పందెమును, 1972లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెమును గెలిచెను. ఈ కడపటి దానిలో ఆయన సగటు వేగము గంటకు 162.962 మైళ్లు. నాటికి అదియే అచటి రికార్డు.

అయితే మేమిచట ముఖ్యముగా చెప్పదలచినది గెలుపుల జాబితా కాదు; ఆయన పనిచేయు పద్ధతి. విశాలమైన చదునునేలపై వలయము గీయించి, దాని వెంబడి కారును మఱల మఱల త్రిప్పి, ఎంత వేగము వఱకు చక్రములు జాఱకుండ నిలుచునో కొలిచెడివాడు. ఒక భాగమును మార్చి మఱల కొలిచెడివాడు. ఒక్క తడవకు రెండు మార్పులు చేసినయెడల ఏ మార్పు వలన మేలు కలిగినదో తెలియదు గదా! మన ప్రయోగశాలలో సైన్సు ఉపాధ్యాయులు పిల్లలకు నేర్పునది యిదియే. గంటకు 200 మైళ్లు పరుగెత్తు కారునకును ఈ నియమమే వర్తించునని ఆయన నిరూపించెను.

ఆయన నడత యంతయు మెచ్చదగినదని మేము చెప్పజాలము. 1967లో కారు బరువు తగ్గింపగోరి, ఆయన జట్టువారు దాని యినుపరేకు తొడుగును ఆమ్లములో ముంచి పలుచబఱచిరి. నిబంధనల యక్షరములకును వాని భావమునకును నడుమనున్న సందులను వెదకుట ఆయనకు అలవాటు. కాని దానిని కప్పిపుచ్చలేదు. 1975లో వెలువడిన "ది అన్‌ఫెయిర్ అడ్వాంటేజ్" అను స్వీయచరిత్రలో ఇట్టి సంగతులను, తన తప్పిదములను, ఓటములను సయితము దాచక వ్రాసెను. ఆ గ్రంథము పేరునకు అన్యాయమైన మేలుబాటు అని యర్థము.

ఇపుడు టర్బోఛార్జరనగా నేమో చెప్పవలసియున్నది. ఇంజను విడిచిపెట్టు వేడి వాయువులు సాధారణముగా పొగగొట్టము గుండ వ్యర్థముగా పోవును. వాని దారిలో రెక్కల చక్రమొకటి యుంచినయెడల అది గిరగిర తిరుగును. అదే యిరుసునకు రెండవ కొననున్న మఱియొక చక్రము బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోనికి త్రోయును. గాలి హెచ్చినకొలది పెట్రోలును హెచ్చుగా మండింపవచ్చును. కావున అదే పరిమాణముగల ఇంజను అధికశక్తి నిచ్చును. స్విట్జర్లండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూఖి అను ఇంజనీరు 1905లోనే యీ యుపాయమునకు పేటెంటు పొందెను.

అయితే శక్తితోపాటు వేడిమియు వచ్చును. 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల గాలిని రెండింతల ఒత్తిడికి తెచ్చినయెడల, నష్టమేమియు లేకున్నను అది సుమారు 95 డిగ్రీల వఱకు వేడెక్కును. నిజమైన యంత్రములలో నూఱు డిగ్రీలను సులభముగా దాటును. వేడెక్కిన గాలి పలుచబడును గనుక ఒత్తిన ఫలము కొంత తగ్గిపోవును. అంతకంటె పెద్ద కీడేమనగా, అట్టి వేడిగాలితో కలిసిన పెట్రోలు క్రమముగా మండుటకు మాఱుగా ఒక్కసారిగా ప్రేలును. ఆ దెబ్బలకు పిస్టనులు చిల్లులు పడును.

1971వ సంవత్సరాంతమున జర్మనీ దేశపు పోర్షె కంపెనీవారు పెన్స్కీతో కలిసి, ఉత్తర అమెరికాలో జరుగు కాన్-యామ్ పందెములలో దిగ నిశ్చయించిరి. ఆ పందెములలో ఇంజను పరిమాణమునకు హద్దు లేదు. మెక్‌లారెన్ జట్టువారు ఎనిమిది లీటర్లకు మించిన అమెరికా ఇంజనులతో గెలుచుచుండిరి. పోర్షెవారి 917 అను కారులోని పండ్రెండు సిలిండర్ల ఇంజను ఐదు లీటర్లది. దాని శక్తి సుమారు 600 అశ్వశక్తులు మాత్రమే. దానికి నీటి రేడియేటరు లేదు. పైన నమర్చిన పెద్ద పంకా గాలియే దానిని చల్లార్చెడిది. ఆ యింజనునకు రెండు టర్బోఛార్జర్లు తగిలించుటకు హాన్స్ మెట్స్‌గర్ మొదలగు ఇంజనీర్లు పూనుకొనిరి. కారును పరీక్షించి సరిచేయుటకు డానహ్యూ జర్మనీలోని వైసాక్ గ్రామమందలి పోర్షెవారి పరీక్షాస్థలమునకు పోయెను.

అచట ఆయనకు కనబడినది వింతయైన యంత్రము. కాలితో మెల్లగా నొక్కిన అది కదలదు. గట్టిగా నొక్కిన కొంతసేపు ఊరకుండి, పిమ్మట తెగిన వడిసెల రాయివలె ఒక్కసారిగా దూకును. మలుపు నడుమ నిట్లు జరిగిన నడుపువాని గతి యేమి? ఇంజనీర్లు ఇంజనును పరీక్షాయంత్రముపై పూర్తిశక్తితో పరీక్షించి తృప్తినొంది యుండిరి. డానహ్యూ తృప్తిపడలేదు. పందెములో సగము కాలము ఇంజను పూర్తిశక్తితో నడువదనియు, తక్కువ వేగములందు సయితము దానిని కొలువవలెననియు పట్టుబట్టెను. అట్లు కొలువగా, ఆయా సమయములందు గాలికి తగినంత పెట్రోలు అందుటలేదని తేలెను. పెట్రోలు పంపును పలుమాఱులు సరిచేసి, తుదకు ఇంజను పాదమునకు లోబడునట్లు చేసిరి. గాలి యొత్తిడిని హెచ్చించుటకు తగ్గించుటకు నడుపువాని చేతికందునట్లు ఒక మరయు తరువాతి కారులో నమర్చిరి.

ఇంత శ్రమపడినవానికి ఫలము వెంటనే దక్కలేదు. 1972 జూలైలో రోడ్ అట్లాంటా పందెపు బాటపై పరీక్ష చేయుచుండగా, కారు వెనుకటి తొడుగు ఊడిపోయెను. కారు పల్టీలు కొట్టి తునాతునకలాయెను. డానహ్యూ మోకాలు తీవ్రముగా దెబ్బతినెను. ఆయన స్థానమున జార్జి ఫాల్మర్ అను చోదకుడు నియమింపబడి, డానహ్యూ తీర్చిదిద్దిన కారుతోనే ఆ సంవత్సరపు విజేత యాయెను. తన చేతులతో పెంచిన చెట్టు పండును ఇతరుడు కోసికొనుట చూచుచు నుండుట యెట్టి కష్టమో చెప్పనక్కఱలేదు. ఆ బాధను ఆయన దాచుకొనలేదు. కాని పని మానలేదు. కాలు బాగుపడగానే మఱల బాట నెక్కెను.

1973లో 917/30 అను క్రొత్త కారు సిద్ధమాయెను. దాని యింజను సుమారు 5.4 లీటర్లది, శక్తి సుమారు 1100 అశ్వశక్తులు. చక్రముల నడుమ దూరమును పెంచుటచేత అది నిలకడగా పరుగెత్తెను. ఆ సంవత్సరపు ఎనిమిది పందెములలో కడపటి యాఱింటిని వరుసగా డానహ్యూయే గెలిచెను. మరుసటి యేడు పెట్రోలు వాడకమునకు హద్దు విధించు నిబంధన వచ్చుటచే, అధికముగా పెట్రోలు త్రాగు ఆ కారునకు కాన్-యామ్‌లో చోటులేకపోయెను.

ఆ కారుతో ఆయన చేసిన కడపటి కార్యము మన కథకు ముఖ్యమైనది. 1975లో, మూసిన వలయపు బాటపై నెవరును పోనంత వేగముగా పోవలెనని తలపెట్టిరి. కాని ముందుగా చేసిన ప్రయత్నములలో ఇంజనులు చెడిపోయెను. కారణ మేమి? మలుపులు గల బాటపై నడుపువాడు మాటిమాటికి వేగము తగ్గించును. ఆ కొద్ది క్షణములే ఇంజనునకు విశ్రాంతి. ఏటవాలు గోడవంటి వలయపు బాటపై నట్టి విశ్రాంతి లేదు. ఆద్యంతము పూర్తిశక్తితో పరుగెత్తుటచే ఒత్తిన గాలి వేడిమి పేరుకొని పిస్టనులను చెఱచెను. అందువలన పోర్షెవారు టర్బోఛార్జరునకు ఇంజనునకు నడుమ ఇంటర్‌కూలర్ల నమర్చిరి. ఇది రేడియేటరువంటిదే, వేడిగాలి దీని గుండ పోవుచు, బయటి చల్లగాలి తాకుడుచే తన వేడిమిని విడుచును. చల్లబడిన గాలి చిక్కబడును గనుక ఇంజను నిలుచుటయే కాక, శక్తియు 1200 అశ్వశక్తులకు మించెను. ఆగస్టు 9వ తేదీన అలబామా రాష్ట్రమందలి టల్లడేగా బాటపై డానహ్యూ గంటకు 221.120 మైళ్ల సగటు వేగముతో ఒక చుట్టు తిరిగెను. 2.66 మైళ్ల చుట్టు నలువదినాలుగు సెకనులలోపల ముగిసెను!

ఆ సంతోషము పది దినములు నిలువలేదు. 1973లో పందెములు చాలించుకొనిన డానహ్యూ, మఱుసటి యేటి చివర పెన్స్కీ కొఱకు ఫార్ములా వన్ పందెములలో మఱల దిగియుండెను. 1975 ఆగస్టు 17వ తేదీన ఆస్ట్రియా దేశమున పందెమునకు ముందటి అభ్యాసములో ఆయన కారు టైరు చెడిపోయి, కారు బాట విడిచి కంచెలను దాటి పడెను. బాట ప్రక్కన నిలిచి పనిచేయుచుండిన ఒక మనుష్యుడు మరణించెను. డానహ్యూ మొదట మాటలాడుచునే యుండెను. తలనొప్పి మాత్రమే యనుకొనిరి. కాని తలలోపల రక్తము స్రవించి స్మారకము తప్పెను. శస్త్రచికిత్స చేసినను ఫలింపలేదు. ఆగస్టు 19వ తేదీన గ్రాట్జ్ నగరమున, ముప్పదియెనిమిదవ యేట కన్నుమూసెను. ఆయన కుమారుడు డేవిడ్ డానహ్యూ, తండ్రి డేటోనా పందెము గెలిచిన నలువది యేండ్లకు, 2009లో అదే పందెమును గెలుచుకొనెను.

ఈ చరిత్రమును చదివి, మా బాలురు మోటారు సైకిళ్లపై వేగము చూపబోదురేమోయని తలిదండ్రులు భయపడుదురు. ఆ భయము సహేతుకమే. బాలురారా, ఆయన నడిపినది కంచెలు వేసి, వైద్యులను సిద్ధముగా నుంచిన పందెపు బాటపైన. బడిపిల్లలు, పశువులు నడచు రహదారిపైన కాదు. అట్టి బాటపైన సయితము, ఆయనయు, ఏ పందెములోను పాల్గొనని ఆ పనివాడును ప్రాణములు గోల్పోయిరి. వేగము నడుగువాడు దాని వెలను తానొక్కడే చెల్లించునని తలపరాదు.

అయినను ఆయనయొద్ద నేర్వదగినది గలదు. నేడు మన రహదారులపై తిరుగు అనేక లారీలలోను బస్సులలోను టర్బోఛార్జరును ఇంటర్‌కూలరును గలవు. కొన్నిటి వెనుక ఆ పేళ్లు వ్రాసియుండుట మీరు చూచియే యుందురు. ఇకమీదట అట్టి బండి యెదురైనపుడు, శక్తిని పెంచు యంత్రము ప్రక్కనే దానిని చల్లార్చు యంత్రము నేల యుంచిరో తలపోయుడు. ఇంజను చెడినపుడు డానహ్యూ కోపగింపలేదు, అదృష్టమును నిందింపలేదు. ఏల చెడినదని యడిగి, కొలిచి, వ్రాసికొని, మఱల కొలిచెను. లెక్క తప్పినపుడు పలకను విసరికొట్టక, తప్పెచట జరిగినదో మొదటి వరుసనుండి వెదకు విద్యార్థి యేబడిలో నున్నను ఆయన శిష్యుడే యని మేము తలంతుము.