ఊరి డాక్టర్ చూసింది, లోకం చూడనిది

ఒక మనిషి చేతులు కాళ్లు వాటంతట అవే కదులుతుంటె, నడక తూలుతుంటె, మన ఊళ్లల్ల రెండు మాటలు తయారుగుంటయి. తాగిండు అంటరు, లేకపోతే ఎవలో చేతబడి చేసిన్రు అంటరు. రేపు కొడుక్కు గూడ అదే వస్తె ఇగ మూడో మాట, ఆ వంశానికి శాపం తగిలిందని. గీ మాటలన్నీ పక్కకు పెట్టి, చూసింది చూసినట్టు రాసిన ఒక ఊరి డాక్టర్ ముచ్చట మీకు చెప్పాలె. ఆయన పేరు జార్జ్ హంటింగ్టన్.

1850ల అమెరికాల, లాంగ్ ఐలాండ్ దీవి మీద ఈస్ట్ హాంప్టన్ అనే ఊళ్లె పుట్టిండు. తాత డాక్టర్, నాయిన డాక్టర్. చిన్నప్పుడు నాయిన రోగుల ఇండ్లకు పోతుంటె ఎంబడి పోయేటోడు. ఒకనాడు అడవి బాటల తల్లీ బిడ్డ ఇద్దరు ఎదురైన్రు. ఇద్దరూ బక్కగ, పొడుగ్గ ఉన్నరు. వంగుతున్నరు, మెలికలు తిరుగుతున్నరు, మొకం వంకర్లు పోతున్నది. పోరడు గుడ్లప్పగించి చూసిండు, భయపడ్డడు గూడ. నాయిన మాత్రం ఆగి వాళ్లతోని మాట్లాడి ముందటికి పోయిండు.

ఆ చూపు ఆయన్ని ఇడిచిపెట్టలే. 1871ల కొలంబియాల డాక్టర్ చదువు అయిపోయింది. 1872 ఫిబ్రవరిల ఒహాయో రాష్ట్రంల ఒక చిన్న పట్నం డాక్టర్ల ముందట వ్యాసం చదివిండు. ఏప్రిల్ల అది అచ్చయ్యేటాళ్లకు ఆయనకు 22 ఏండ్లు. గా వయసుల మనం సర్టిఫికెట్ పట్టుకొని నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తుంటం.

వ్యాసంల ఎక్కువ భాగం పిల్లలకొచ్చే మామూలు కొరియా రోగం గురించే. ఆఖరి కొన్ని పేరాలల్లనే అసలు సంగతుంది. మూడు ముక్కల్ల చెప్పిండు. ఈ రోగం ఇంటి రక్తంల వస్తది. పెద్దయినంకనే బయటపడ్తది. మనసును గూడ పాడుచేస్తది, కొందరు పానం తీసుకునేదాక పోతరు. ఇంకోటి గూడ చెప్పిండు. తల్లికో తండ్రికో ఉంటె పిల్లలల్ల ఒకరికో ఇద్దరికో వస్తది. ఒక బిడ్డ రోగం లేకుండ బతుకు ఎల్లదీస్తె, ఆ బిడ్డ పిల్లలకు, మనుమలకు ఇగ రాదు. దారం అక్కడ తెగిపోతది.

మెండెల్ బఠానీ మొక్కల లెక్క 1866లనే అచ్చయింది గని, 1900 దాక లోకం దాన్ని పట్టించుకోలే. జీన్ అన్న మాటనే అప్పటికి పుట్టలే. మరి గీ పోరనికి ఎట్ల దొరికింది? నాకు నచ్చిన సంగతి గదే. ఆయనకంటె ముందుగాల ఒకరిద్దరు డాక్టర్లు ఈ రోగం గురించి రాసిన్రు. ఆయన దగ్గర మాత్రం తాత, నాయిన, తను, మూడు తరాల కండ్లున్నయి. అవే కుటుంబాలను వాళ్లు డెబ్బై ఎనభై ఏండ్లు చూసిన్రు. పట్నంల పెద్ద ప్రొఫెసర్‌కు రోగి ఒక్కడే కనపడ్తడు. ఊరి డాక్టర్‌కు ఆ రోగి అవ్వ, తాత, పిల్లలు అందరూ ఎర్కనే.

తర్వాత రోగానికి ఆయన పేరే పెట్టిన్రు. ఆయన పెద్ద పరిశోధకుడు కాలేదు. న్యూయార్క్ రాష్ట్రంలనే ఊరి డాక్టర్‌గ పనిచేసుకుంట 1916ల కాలం చేసిండు.

మిగిలిన దారం తర్వాతోళ్లు పట్టుకున్నరు. 1983ల ఆ జీన్ నాలుగో క్రోమోజోమ్ మీదుందని తేలింది. దానికి వెనెజులాల సరస్సు ఒడ్డున పల్లెల్ల ఉండే పెద్ద పెద్ద కుటుంబాలు రక్తమిచ్చి సాయం చేసినయి. 1993ల జీనే దొరికింది. అండ్ల సీఏజీ అనే మూడక్షరాలు 40 సార్లు, అంతకన్న ఎక్కువ వరుసగ వస్తె రోగం వస్తది. తల్లిదండ్రులల్ల ఒకరికి ఉంటె, ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసా లెక్క, సగం సగం. ఆడా మగా తేడా లేదు. ఎవలి పాపమూ లేదు.

రోగాన్ని మాన్పే మందు ఇంకా లేదు. ఆ కదలికలను తగ్గించే, మనసును నిమ్మళపరిచే మందులైతె ఉన్నయి. ఇది చానా తక్కువ మందికొచ్చే రోగం, వణికిన ప్రతి చెయ్యీ గిదే కాదు. గందుకే మీ ఊళ్లె గట్ల ఎవరన్న ఉంటె భూతవైద్యుని కాడికి కాదు, నరాల డాక్టర్ కాడికి తోలుకపోండ్రి. హైదరాబాద్ నిమ్స్‌ల జన్యువైద్య విభాగం గూడ ఉంది. పోయేముందు ఇంట్ల ముసలోళ్లను కూసోబెట్టి అడగుండ్రి. ఎవలికి వచ్చింది, ఏ వయసుల వచ్చింది, ఎవలికి రాలేదు. ఒక కాయితం మీద రాసుకపోండ్రి. పెండ్లి సంబంధం చెడిపోతదని దాచిపెడితె రోగం ఆగది, పుట్టే పిల్లకు సంగతి తెల్వకుంట పోతది, గంతే.