ఉన్మాదానికి లిథియం మందు: డాక్టర్ జాన్ కేడ్ జీవితం

తీవ్రోద్రేకం, తీవ్రమైన కుంగుబాటు ఒకదాని వెంట ఒకటి మనిషిని కుదిపివేసే బైపోలార్ వ్యాధికి నేటికీ ప్రధానమైన మందుల్లో లిథియం ఒకటి. 1940 దశకం చివరివరకు ఈ రోగులకు దక్కింది విద్యుత్ షాకు, మత్తుమందు, తాళం వేసిన వార్డు మాత్రమే. ఆ స్థితిని మార్చిన వైద్యుడు ఆస్ట్రేలియాకు చెందిన జాన్ కేడ్. ఆయన బయలుదేరిన సిద్ధాంతం తప్పు. చేరిన చోటు మాత్రం సరైనది.

జాన్ ఫ్రెడరిక్ జోసెఫ్ కేడ్ 1912 జనవరి 18న విక్టోరియా రాష్ట్రంలోని ముర్టోవాలో జన్మించారు. తండ్రి డేవిడ్ కూడా వైద్యుడే. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చాక ఆయన సొంత వైద్యవృత్తి సాగించలేక, ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉద్యోగానికి చేరారు. పిల్లలు ఆ ఆసుపత్రుల ఆవరణల్లోనే పెరిగారు. లోకం భయపడే రోగులు జాన్‌కు చిన్ననాటి నుంచి ఇరుగుపొరుగువారే. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ముగించి, ఆయన కూడా తండ్రి మార్గంలోనే నడిచారు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా వెళ్లిన కేడ్, 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పతనంతో జపాన్ సేనలకు పట్టుబడ్డారు. వేలాది భారతీయ సైనికులు బందీలైనది కూడా అక్కడే. చాంగీలో మూడున్నరేళ్ల ఖైదులో తోటివారి మనఃస్థితి తలకిందులు కావడం ఆయన గమనించారు. మనోవ్యాధికి మూలం శరీరంలోనే, ఏదో విషపదార్థంలో ఉండవచ్చునన్న ఊహ అక్కడే బలపడింది.

స్వదేశం చేరాక బుండూరాలోని మాజీ సైనికుల మానసిక వైద్యశాలలో పనికి కుదిరారు. వాడకంలో లేని వంటసామాను గది ఆయన ప్రయోగశాల. థైరాయిడ్ గ్రంథి స్రావం ఎక్కువైతే ఒక జబ్బు, తక్కువైతే మరొక జబ్బు వచ్చినట్టే, శరీరంలో సహజంగా ఉండే ఏదో పదార్థం ఎక్కువై ఉన్మాదం, తక్కువై కుంగుబాటు కలుగుతాయని ఆయన వాదన. ఎక్కువైనది మూత్రంలో బయటపడాలి కనుక, రోగుల మూత్రాన్ని గినీ పందులకు ఎక్కించారు. నమూనా సీసాలు ఇంటి ఫ్రిజ్‌లో ఆహారం పక్కన ఉండేవని చెప్పుకుంటారు.

మూత్రంలోని యూరిక్ ఆమ్లం విషప్రభావాన్ని పెంచుతుందేమో చూడాలనుకుంటే, అది నీటిలో సరిగా కరగదు. కరిగే లవణం లిథియం యూరేట్. దానిని కలిపితే విషం పెరగవలసింది పోయి తగ్గింది. అప్పుడు యూరేట్‌ను వదిలి లిథియం కార్బొనేట్ ఒక్కటే ఇచ్చి చూశారు. తాకితేనే బెదిరే ఆ జీవులు మెలకువగా ఉండి కూడా, వెల్లకిలా పడుకోబెడితే గింజుకోకుండా చూస్తూ ఉండిపోయాయి. అది శాంతం కాదు, మోతాదు మించిన మగతే కావచ్చునని తరువాతివారు సందేహించారు. ఆ సందేహం కేడ్‌కు అప్పుడు కలిగివుంటే కథ అక్కడే ఆగిపోయేదేమో.

ముందుగా తానే ఆ లవణాలు మింగి చూసి, 1948 మార్చి 29న ఐదేళ్లుగా ఉన్మాదంలో ఉన్న 51 ఏళ్ల రోగికి మొదటి మోతాదు ఇచ్చారు. కొన్ని వారాల్లోనే అతడు కోలుకునేవారి వార్డుకు మారాడు. జూలైలో ఇంటికి వెళ్లి పాత ఉద్యోగంలో చేరాడు. మొత్తం పదిమంది ఉన్మాద రోగుల ఫలితాలను కేడ్ 1949 సెప్టెంబరులో ఆస్ట్రేలియా వైద్య పత్రికలో ప్రకటించారు. స్కిజోఫ్రీనియా రోగుల్లో కొందరి అలజడి తగ్గినా అసలు జబ్బు తగ్గలేదని కూడా అందులోనే రాశారు.

అయితే ఆ మొదటి రోగి మందు మానివేయడంతో జబ్బు తిరగబెట్టి, 1949 జనవరిలో మళ్లీ ఆసుపత్రికి చేరాడు. మందు మళ్లీ మొదలైంది. 1950లో అదే లిథియం విషమై అతడు మరణించాడు. కేడ్ తన ఆసుపత్రిలో ఆ చికిత్సను నిలిపివేశారు. ఉప్పుకు బదులుగా గుండె రోగులు వాడిన లిథియం క్లోరైడ్ అమెరికాలో ప్రాణాలు తీసిందన్న వార్త కూడా ఆ రోజుల్లోదే. మందుకూ విషానికీ మధ్య ఉన్న ఎడం ఎంత సన్ననిదో కొలిచే సాధనం అప్పటికి కేడ్ చేతిలో లేదు.

ఆ కొలత మెల్‌బోర్న్‌లోనే దొరికింది. నోవాక్, ట్రౌట్నర్ 1951లో వందమందికి పైగా రోగుల వివరాలు ప్రకటించారు. రక్తంలో లిథియం పాళ్లను జ్వాలా కిరణమాపకంతో కొలిచే పద్ధతిని ట్రౌట్నర్ ముందుకు తెచ్చారు. 1954లో డెన్మార్క్‌లో మోగెన్స్ షో పోలిక పద్ధతిలో పరీక్షించి కేడ్ ఫలితాలను నిర్ధారించారు. ఉన్మాదాన్ని తగ్గించడమే కాక, జబ్బు తిరగబెట్టకుండా కూడా లిథియం కాపాడుతుందని షో, బాస్ట్రప్ 1960 దశకంలో చూపారు. బ్రిటన్‌లో కొందరు దానిని భ్రమ అని కొట్టివేశారు. ప్రకృతిలో దొరికే మూలకం కనుక పేటెంటుకు వీలులేదు. కంపెనీలకు ఆసక్తీ లేదు. అమెరికా ప్రభుత్వ అనుమతి 1970లో గానీ రాలేదు.

ఈలోగా కేడ్ 1952 నుంచి 1977 వరకు మెల్‌బోర్న్‌లోని రాయల్ పార్క్ మానసిక వైద్యశాలకు అధిపతిగా పనిచేశారు. 1974లో షోతో కలిసి కిటే అంతర్జాతీయ పురస్కారం అందుకున్నారు. 1980 నవంబరు 16న కన్నుమూశారు. ఆయన వెతికిన విషపదార్థం ఎవరికీ దొరకలేదు. లిథియం మెదడులో ఎలా పనిచేస్తుందన్నదీ ఇంకా పూర్తిగా తేలలేదు. దానిని వాడే రోగులు మాత్రం నేటికీ తరచూ రక్తపరీక్ష చేయించుకుంటారు. లీటరు రక్తరసంలో సుమారు 0.6 నుంచి 1 మిల్లీమోల్ వరకు ఉంటే మందు, 1.5 దాటితే ప్రమాదం.